తిన్నా తీరని ఆకలి: ఇన్సులిన్, లెప్టిన్ మాట ఒంటికి ఎక్కకపోతే ఏం చేయాలి

"కడుపు నిండా తింటాను. రెండు గంటలు తిరక్కుండానే మళ్లీ ఆకలి. బరువేమో తగ్గదు. హార్మోన్ల లోపమా?" ఈ ప్రశ్న పాఠకుల నుంచి ఎన్ని రూపాల్లో వస్తోందో చెప్పలేను. కొందరు థైరాయిడ్ అనుకుంటారు, కొందరు వంశం అంటారు, చాలామంది తమకు నోరు కట్టుకోవడం చేతకాదని తమనే తిట్టుకుంటారు. విడివిడిగా జవాబు రాసే బదులు, ఇంట్లో ఏం చూసుకోవాలో, ఏ పరీక్ష చేయించుకోవాలో, తిండిలో ఏది ముందు మార్చాలో అన్నీ ఇక్కడే వరుసగా రాస్తున్నాను.

సిద్ధాంతం కొద్దిగానే. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. ఒంట్లో నిల్వ చాలినంత ఉందని మెదడుకు అందే కబురు అది. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీన్ని కనిపెట్టినప్పుడు ఊబకాయానికి మందు దొరికిందనే అనుకున్నారు. తీరా చూస్తే, ఊబకాయం ఉన్నవారిలో ఎక్కువమంది రక్తంలో లెప్టిన్ దండిగా ఉంది. తలుపు కొట్టేవాడు కొడుతూనే ఉన్నాడు, లోపలివాళ్లకు వినబడటం లేదు. దీన్నే లెప్టిన్ నిరోధకత అంటారు. పుట్టుకతోనే లెప్టిన్ తయారుకాని పిల్లలు ఎక్కడో అరుదుగా ఉంటారు. వారికి లెప్టిన్ ఇంజెక్షన్ గొప్పగా పనిచేస్తుంది, మిగిలినవారికి ఆ ఫలితం రాదు.

రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపే ఇన్సులిన్ సంగతీ దాదాపు ఇంతే. కాలేయం, కండరాలు దానికి సరిగా స్పందించకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. రక్తంలో ఇన్సులిన్ హెచ్చుగా ఉన్నంతసేపు కొవ్వు నిల్వలు సులువుగా కరగవు. మెదడులో ఆకలిని తగ్గించే పని కూడా ఇన్సులిన్‌కు ఉంది, నిరోధకత వస్తే ఆ పనీ మందగిస్తుంది. బరువు నిరోధకతను పెంచుతుంది, నిరోధకత ఆకలిని పెంచుతుంది, ఆకలి మళ్లీ బరువును పెంచుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడ పట్టుకుని ఆపాలన్నదే అసలు ప్రశ్న. కడుపు మాడ్చుకునే దగ్గర పట్టుకుంటే అది ఆగదు. ఆకలి ఎప్పుడు, దేనివల్ల వేస్తోందో తెలుసుకుని అక్కడ పట్టుకోవాలి.

ముందు ఇది చదవండి

ఇన్సులిన్ ఇంజెక్షన్లు గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి షుగర్ మాత్రలు గానీ వాడుతున్నవారు వైద్యుని అడగకుండా అన్నం తగ్గించకూడదు. మందు మోతాదు అలాగే ఉండి తిండి తగ్గితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్లు నిండనివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు సొంతంగా ఇవేవీ మొదలుపెట్టవద్దు. మూత్రపిండాల జబ్బులో ప్రొటీన్ ఎంత తినాలో వైద్యుడే చెప్పాలి. విపరీతమైన ఆకలితో పాటు దాహం, అతిమూత్రం ఉండి బరువు తగ్గిపోతుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ఈరోజే షుగర్ పరీక్ష చేయించుకోండి.

కావలసినవి

దర్జీలు వాడే టేపు, చిన్న నోటు పుస్తకం, వంటింటి తూకం ఒకటి. తూకం లేకపోతే రోజూ ఒకే కప్పు వాడినా చాలు, కప్పు మార్చకుండా ఉంటే సరి. ఒకసారి రక్తపరీక్షకు కొంత డబ్బు. పన్నెండు వారాల ఓపిక. బరువు చూసే యంత్రం ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

1. నడుము కొలవండి

చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా మధ్యలో, చర్మం మీద టేపు పెట్టండి. పొట్ట లోపలికి లాక్కోకుండా మామూలుగా గాలి వదిలి, వదిలిన చివర అంకె చూడండి. భారతీయులకు పురుషుల్లో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు హద్దు. మీ నడుము మీ ఎత్తులో సగం దాటినా హెచ్చరికగానే తీసుకోండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ప్యాంటు సైజు చెప్పడం. పొట్ట కిందికి జారినకొద్దీ ప్యాంటు కూడా కిందికి జారుతుంది, సైజు మాత్రం పదేళ్లయినా మారదు!

"నేను సన్నగానే ఉంటాను, పొట్ట ఒక్కటే కాస్త ఉంది" అనేవారికి ఒక సంగతి. పుణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. మనవాళ్లకు బరువు యంత్రం కన్నా టేపు ఎక్కువ నిజం చెబుతుంది.

టేపు చేతిలో ఉండగానే అద్దంలో మెడ వెనక, చంకల్లో కూడా చూసుకోండి. చర్మం నల్లబడి, మందంగా, మఖమల్‌లా కనిపిస్తుంటే, చిన్న చిన్న పులిపిర్లు వేలాడుతుంటే ఇన్సులిన్ నిరోధకతను అనుమానించాలి. దాన్ని మట్టి అనుకుని పీచుతో రుద్దేవారున్నారు. రుద్దితే చర్మం ఇంకా నల్లబడుతుందే తప్ప పోదు.

2. రక్తపరీక్ష చేయించుకోండి

పరగడుపున గ్లూకోజ్, అదే నమూనాలో ఇన్సులిన్, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల షుగర్ సగటు), లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వులు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్). వీలైతే కాలేయ పరీక్ష కూడా. రాత్రి భోజనం తరువాత ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో ఉంటే చాలు. జ్వరంలోనో, రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి దిగిన ఉదయమో రక్తం ఇవ్వకండి, అంకెలు తప్పుదారి పట్టిస్తాయి.

గ్లూకోజ్ అంకెను ఇన్సులిన్ అంకెతో గుణించి 405తో భాగించండి. గ్లూకోజ్ 98, ఇన్సులిన్ 16 అనుకుందాం. 98ని 16తో గుణిస్తే 1568, దాన్ని 405తో భాగిస్తే 3.87. దీన్ని హోమా-ఐఆర్ అంటారు. 2.5 దాటితే నిరోధకత ఉండవచ్చని స్థూలంగా లెక్క, ల్యాబును బట్టి ఈ హద్దు కొంత మారుతుంది. చూశారుగా, 98 అనే షుగర్‌ను చూసి "నార్మల్" అని ఇంటికి పంపేస్తారు. ఆ 98 దగ్గర నిలబెట్టడానికి క్లోమం ఎంత చాకిరీ చేస్తోందో పక్కన ఉన్న 16 చెబుతోంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవారికి ఈ లెక్క వర్తించదు.

ట్రైగ్లిజరైడ్లు 150 దాటడం, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ పురుషుల్లో 40 కన్నా, స్త్రీలలో 50 కన్నా తక్కువ ఉండటం కూడా అటువైపే చూపిస్తాయి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ, 6.5 అయినా, దాటినా మధుమేహం. అయితే ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఉన్నదాని కన్నా ఎక్కువగా చూపించవచ్చు. మన స్త్రీలలో రక్తహీనత చాలా సాధారణం కనుక హిమోగ్లోబిన్ కూడా చూపించుకున్నాకే ఒక నిర్ణయానికి రండి.

లెప్టిన్ పరీక్ష వద్దు. అంకె ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా మామూలు ఊబకాయంలో చేసే చికిత్స మారదు. లెప్టిన్‌ను "సరిచేస్తాయి" అంటూ అమ్మే పొడులు, గుళికలు అసలే వద్దు. ఆ డబ్బుతో నెలంతా గుడ్లు కొనుక్కోవచ్చు.

3. ఒక వారం ఏమీ మార్చకండి, రాయండి

తినే ముందు ఆకలి పదికి ఎంత, ఏం తిన్నారు, ఎన్ని గంటలకు మళ్లీ ఆకలి వేసింది. ఈ మూడే రాయాలి. క్యాలరీలు లెక్కించనక్కరలేదు. టీ, దానితో పాటు కొరికిన బిస్కట్టు, వంట చేస్తూ రుచి చూసినది, పిల్లల పళ్లెంలో మిగిలితే పారేయలేక తిన్నది, ఇవన్నీ రాయాలి. ఆ చివరి పద్దు తల్లుల పుస్తకాల్లో ఎంత పెద్దదిగా ఉంటుందో!

ఆకలి నిజమైనదో కాదో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ఇప్పుడు చప్పగా ఉడకబెట్టిన శనగలు ఇస్తే తింటారా? తింటానంటే ఆకలే. "మిక్చర్ ఉంటే చెప్పు" అనిపిస్తే అది నోటి కోరిక. రెండూ నిజమే, రెంటికీ మందు వేరు.

వారం పూర్తయ్యాక పుస్తకం చూస్తే చాలామందికి ఒకే గంట పదే పదే కనిపిస్తుంది. ఉదయం పదకొండు, లేదా సాయంత్రం ఐదు. ఆ గంటకు ముందు తిన్న పూటనే మొదట మార్చాలి. ఐదింటికి ఆకలి వేస్తే తప్పు ఐదింటిది కాదు, మధ్యాహ్న భోజనానిది.

4. టిఫిన్‌లో ప్రొటీన్ పెంచండి

నాలుగు ఇడ్లీలు, పల్చటి చట్నీ తిని పదకొండింటికి ఆకలి వేస్తుందంటే ఆశ్చర్యం ఏముంది? ఉదయం పూట 20 గ్రాముల ప్రొటీన్ లక్ష్యంగా పెట్టుకోండి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 50 గ్రాముల పెసల్లో 12, చిన్న కప్పు పెరుగులో 5, పొడిగా తూచిన 30 గ్రాముల మీల్‌మేకర్‌లో 15. పెసరట్టు ఉత్తమం, కానీ లోపల ఉప్మా పెట్టకండి. ఇడ్లీ మానలేకపోతే రెండింటితో ఆగి, రెండు గుడ్లు, గరిటె జారుగా కాకుండా చిక్కగా కాచిన సాంబారు తీసుకోండి. గుడ్డు తిననివారు ఉడికించిన శనగలు లేదా అలసందల గుగ్గిళ్లు, ఒక కప్పు పెరుగు.

రాగి జావ గురించి చాలామంది అడుగుతున్నారు. రాగులు మంచివే. మెత్తని పిండిని పల్చగా కాచి గడగడా తాగితే మాత్రం త్వరగా అరిగి, ఆకలి త్వరగా తిరిగి వస్తుంది. రాగి సంగటి ముద్దగా, కూరతో నమిలి తినడం మేలు.

5. భోజనంలో వరుస మార్చండి

ఒక్క పనే చేయగలను, ఏది చేయమంటారు అని అడిగితే నేను దీన్నే చెబుతాను. కూరగాయలు, ప్రొటీన్ ముందు తిని పిండిపదార్థం చివర తింటే భోజనం తరువాత గ్లూకోజ్, ఇన్సులిన్ రెండూ తక్కువగా పెరుగుతాయని న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు 2015లో చూపించారు. పళ్లెంలో పదార్థాలు అవే, వరుస మాత్రమే వేరు.

మన భోజనానికి దీన్ని అన్వయించడంలో చిక్కుంది. మన దగ్గర అన్నమే అసలు, కూర దానికి తోడు. తోటకూర వేపుడు రెండు చెంచాలు, అన్నం గుట్ట. పైగా మన కూరల్లో ఉప్పూ కారం అన్నంలో కలుపుకోవడానికి తగినట్టు వేస్తాం, ఉత్తగా తింటే నోరు మండుతుంది. కాబట్టి వంట దగ్గరే మార్పు మొదలవ్వాలి. కూర రెండింతలు చేయండి, ఉప్పూ కారం నూనె మాత్రం పాత కొలతలోనే ఉంచండి. బీరకాయ, సొరకాయ, బెండకాయ, గోరుచిక్కుడు, ఆకుకూరలు ఏవైనా సరే. బంగాళాదుంప, చేమదుంప కూర లెక్కలోకి రావు, అవి అన్నం వైపు లెక్క.

పళ్లెంలో అన్నం పెట్టుకోకముందే ఒక కప్పు కూర, ఒక కప్పు గట్టిపప్పు, లేదా చేప, కోడి ముక్కలు తినండి. పది నిమిషాలు పడుతుంది. తరువాత వండిన అన్నం ఒక కప్పు, సుమారు 150 గ్రాములు. మొదట్లోనే దాన్ని రెండు భాగాలు చేసుకోండి, పెద్దది కూరకూ పులుసుకూ, చిన్నది పెరుగుకు. ఈ విభజన లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. పులుసన్నం అయ్యాక పెరుగు కోసం మళ్లీ అన్నం, వడ్డించిన పెరుగు మిగిలిందని ఇంకాస్త అన్నం. అన్నం ఎన్నిసార్లు తిన్నారని అడిగితే ఒకసారే అంటారు, మారు వడ్డన లెక్కలో ఉండదు. పెరుగన్నం లేనిదే భోజనం ముగిసినట్టు అనిపించదనేవారు పెరుగును చిక్కటి మజ్జిగగా తాగి చూడండి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచించిన పళ్లెం 2000 క్యాలరీలకు రోజు మొత్తానికి 250 గ్రాముల ధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు. ధాన్యం తూకం పచ్చిది, అందులోనే టిఫిన్ కూడా ఇమడాలి. ఇంట్లో బియ్యం డబ్బా ఎన్ని రోజులకు ఖాళీ అవుతోందో, ఎంతమంది తింటున్నారో లెక్క వేస్తే మీ ఇల్లు ఎక్కడుందో తేలుతుంది.

ఒంటరిగా ఉండేవారు, హాస్టల్లో ఉండేవారు కూర రెండింతలు దొరకదని అంటారు. కీరా, క్యారెట్, టమాటా ముక్కలు ముందు తినండి, వెంట ఉడికిన గుడ్లు తెచ్చుకోండి. అంత చక్కగా కుదరకపోయినా ఫలితం ఉంటుంది.

6. తాగే చక్కెర తగ్గించండి

రెండు చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు టీలు అంటే దాదాపు 35 గ్రాములు. 2000 క్యాలరీల్లో ఐదు శాతానికి మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత 25 గ్రాములు. టీ మానక్కరలేదు. వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి, నాలుక అలవాటు పడుతుంది. చక్కెర బదులు బెల్లం, తేనె వేసుకుంటే ఇన్సులిన్ విషయంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. పండ్ల రసం కాదు, పండు.

7. తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి, వారంలో మూడు రోజులు గుంజీలు తీయండి

కండరం కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోగలదు. నిరోధకత ఉన్నవారికి ఇది పక్కదారి లాంటి వరం. అందుకే ఉదయం ఒక గంట నడిచి మిగతా రోజంతా కుర్చీలో ఉండేకన్నా, భోజనం తరువాత చేసే చిన్న నడక కూడా రోజులో ఉండాలి. గుంజీలు అంటే వినాయకుడి ముందు తీసేవే. పదేసి చొప్పున మూడుసార్లు. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోండి. కళ్లు తిరిగితే, ఛాతీ పట్టేసినట్టుంటే ఆపి వైద్యుని కలవండి.

8. నిద్రను సరిచేయండి

2004లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకోనిచ్చిన రాత్రులతో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. చిన్న ప్రయోగమే, కానీ మెలకువతో గడిపిన రాత్రి మరుసటి రోజు తీపి మీదికి చేయి ఎందుకు పోతుందో మీ పుస్తకం కూడా చెబుతుంది. అమెరికా వేళలకు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఏడు గంటల నిద్ర రాత్రే దొరకాలంటే కుదరదు. పగలైనా గది చీకటి చేసి ఒకే విడతలో పడుకోండి, అర్ధరాత్రి బిర్యానీని మాత్రం వదులుకోండి. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టు అయ్యేవారు నిద్ర పరీక్ష చేయించుకోవాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు. పిండి పిండే. రెండు చపాతీలు, రెండు కప్పుల కూర అయితే అప్పుడు మార్పు.

శనివారం ఉపవాసం. పగలంతా ఏమీ తినకుండా ఉండి రాత్రి "అన్నం తినం, టిఫినే" అంటూ అరడజను దోసెలు! భక్తికి నేను అడ్డురాను, దాన్ని బరువు తగ్గించే పద్ధతుల జాబితాలో మాత్రం రాయకండి.

కొర్రలు, సామలు ఎంత తిన్నా పర్వాలేదనుకోవడం. పీచు ఎక్కువే, ధాన్యం ధాన్యమే. అదే కప్పు, అదే కొలత.

పప్పు తింటున్నాం కదా అని పల్చటి పప్పుచారును ప్రొటీన్ లెక్కలో వేయడం. గరిటె నిలబడేంత గట్టిగా ఉంటేనే లెక్క. వేరుశనగలు, జీడిపప్పు గుప్పెళ్లు గుప్పెళ్లు తినడం కూడా ఇలాంటిదే, 30 గ్రాముల వేరుశనగల్లో 170 క్యాలరీలున్నాయి.

అన్నిటికన్నా పెద్దది, మొదటి వారంలోనే తిండిని సగానికి కోసేయడం. బరువు వేగంగా తగ్గితే లెప్టిన్ కూడా పడిపోతుంది, మెదడు కరవు వచ్చిందనుకుని ఆకలిని రెచ్చగొడుతుంది. పది వారాలు కఠినమైన ఆహార నియమంతో బరువు తగ్గిన 50 మందిని ఆస్ట్రేలియా పరిశోధకులు గమనించి 2011లో ప్రచురించారు. ఏడాది తరువాత కూడా వారి ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. పెళ్లి ముహూర్తానికి నెల ముందు మొదలుపెట్టేవారు ఇది రెండుసార్లు చదవాలి.

పనిచేస్తోందా? ఎలా తెలుస్తుంది?

మొదట మారేది బరువు కాదు, ఆకలి గంట. రెండు మూడు వారాల్లో పదకొండింటి ఆకలి ఒంటిగంటకు జరగాలి. జరగకపోతే ఆ ముందు పూట ప్రొటీన్ ఎంత తిన్నారో మళ్లీ తూచి చూడండి. చాలాసార్లు 20 అనుకున్నది 8 దగ్గర ఉంటుంది.

నాలుగు వారాలకొకసారి నడుము కొలవండి, అదే చోట, ఉదయం, ఖాళీ కడుపుతో. బరువు కదలకుండా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గితే అది మంచి కబురే. రోజూ బరువు చూసుకోవడం వల్ల ఉప్పూ నీళ్ల లెక్క తప్ప మరేమీ తెలియదు. స్త్రీలు నెలసరి రోజుల్లో కొలతలు పోల్చుకోవద్దు.

రక్తపరీక్ష పన్నెండు వారాల తరువాతే, అదే ల్యాబులో. హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటు చూపిస్తుంది కనుక నెలకే చేయిస్తే డబ్బు దండగ. బరువులో ఐదు నుంచి ఏడు శాతం తగ్గితే చాలు, 80 కిలోల మనిషికి నాలుగు నుంచి ఐదున్నర కిలోలు. 2002లో వచ్చిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా పెట్టుకున్న బృందంలో మధుమేహం వచ్చేవారి సంఖ్య 58 శాతం తగ్గింది. మెడ మీద నలుపు అన్నిటికన్నా ఆలస్యంగా తగ్గుతుంది, దాన్ని కొలబద్దగా పెట్టుకోకండి.

వైద్యుని దగ్గరకు ఎప్పుడు

పన్నెండు వారాలు నిజాయితీగా చేసినా ఆకలి, నడుము రెండూ కదలకపోతే. నెలసరి క్రమం తప్పి, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉందేమో చూపించుకోవడానికి. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఊదారంగు చారలు వస్తుంటే వెంటనే.

వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లండి. ఆస్తమాకో, కీళ్ల నొప్పులకో వాడే స్టెరాయిడ్లు, ఓలాంజపిన్ వంటి మానసిక చికిత్స మందులు ఆకలిని బాగా పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకూడదు, బదులు ఉందేమో వైద్యుని అడగాలి. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు 2025 నుంచి బరువు తగ్గించడానికి మన దేశంలోనూ అమ్ముతున్నారు. ఆకలి మీద అవి నిజంగానే పనిచేస్తాయి. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు అధ్యయనంలో తేలింది కనుక, ఎన్నాళ్లు వాడాలి, ఆపేటప్పుడు ఏం చేయాలి, కండ తగ్గకుండా ఎంత ప్రొటీన్ తినాలి అన్న మూడు ప్రశ్నలు మొదటి ఇంజెక్షన్‌కు ముందే అడిగి, జవాబులు ఆ నోటు పుస్తకంలోనే రాసుకోండి.